ఆర్డర్ నా దగ్గర, పిల్ల మీ దగ్గర

ఇంకెన్నిసార్లు చూపియ్యాలె మేడం గీ కాయితం? గీడ చదువుండ్రి. 'మైనర్ బాలిక రిషిత తల్లి సంరక్షణలో ఉండవలెను.' రెండేండ్లు తిరిగి తెచ్చుకున్న కోర్టు ఆర్డర్. విడాకులైనంక ప్రవీణ్‌కు ఆదివారమొక్కటే ఇచ్చిన్రు, పిల్లను తీస్కపోనీకి.

మీరేమో ఆర్డర్ చెల్లదనరు. చెల్లుతదని పిల్లనూ ఇయ్యరు! బాలల కమిటీ విచారణ అయ్యేదాక బాలసదనంలనే ఉండాలంటరు. జాకెట్లు కుట్టుకుని బతికేదాన్నే గని చట్టం చదవరాని దాన్ని కాదు. లైబ్రరీల కూసోని మొత్తం చదివిన. మీరు చదివిన్రా? అట్ల చూడకుండ్రి, అడిగిన, అంతే.

ఇరవై మూడు రోజులాయె. మొన్న పది నిమిషాలు కలువనిచ్చిన్రు. జడ ఎవరో అడ్డదిడ్డంగ అల్లిన్రు. విప్పి మళ్ల అల్లుతుంటే టైమైపోయింది. సగం జడతోనే లోపలికి పోయింది.

ప్రవీణ్ ఊకుంటడా? పిల్ల తల్లి దగ్గర భద్రంగ లేదు, ఆర్డర్ మార్చుండ్రని కోర్టుల అర్జీ పెట్టిండు. మీ రిపోర్టు కోసమే కాసుకోని కూసున్నడు. మీరు రాసే ఒక్క లైనుకు నా రెండేండ్లు గంగల కలుస్తయి.

అసలు సంగతేంది? కామెర్లొచ్చిన పిల్ల చేతికి ఎవరో వాత పెట్టించిన్రు. ఆదివారం తీస్కపోయినోడు పుండు చూసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టిండు. నేనేమన్న? ప్రవీణ్ వాళ్లమ్మనే పెట్టించిందన్న. పిల్లనడిగితే అదీ గదే చెప్పింది, 'నాయనమ్మ' అని. ఇగ మీరు అటూ పంపరు, ఇటూ పంపరు.

ఎనిమిదేండ్ల పిల్లకు అంత నున్నగ చెప్పుడు ఎట్లొచ్చిందంటరు?

ఏంది, పెన్ను పక్కకు పెట్టిన్రు? పట్టుకోండ్రి.

దవాఖానల రక్తం చూసి మందులిచ్చిన్రు. తగ్గనీకి రెండు వారాలు పడుతదన్నరు. దాని పచ్చటి కండ్లు చూసుకుంట రెండు దినాలు ఆగలేకపోయిన. అన్ని పుస్తకాలు చదివినదాన్ని, అక్కన్నపేట బస్సెక్కిన! ఆడ కామెర్లకు వాతలు పెట్టే కిష్టవ్వ సూది ఎర్రగ కాల్చి పెడుతుంటే, బిడ్డ చెయ్యి కదలకుండ పట్టుకున్నది నేనే. ఇంటికొచ్చినంక భయమైంది, ఆర్డర్ పోతదని. ఎవలన్న అడిగితే నాయనమ్మ అనుమని నేర్పిన.

నిజం చెప్తె వానికిస్తరు. చెప్పకుంటె మీ సదనంల పెరుగుతది. ఎటు చూసినా నాకైతే రాదు గద?

రాయుండ్రి మేడం. తల్లే కాల్పిచ్చిందని రాయుండ్రి. ఆ ఇంటికే పోనియ్యుండ్రి.

కామెర్లింకా పూర్తిగ పోలే. నూనె కూరలు పెట్టొద్దని వాళ్లమ్మకు మీరే చెప్పుండ్రి. నేను చెప్తె ఇనదు.