దిగని కమాను

వియన్నాలో ఒక పళ్ల డాక్టరుగారి ముందుగదిలో కచేరీ. వాయించేవాళ్లు ఎనిమిదిమంది, వినేవాళ్లు ఇరవైమంది. ఆఖరి వరసలో లియోనీ, ఆమె పిన్ని వాల్‌బుర్గా. ఆ ఇద్దరి నోళ్లూ మూతపడితేగా!

"పిన్నీ, పాట అయిపోయినట్టేగా?"

"అవలేదు. నోర్మూసుకో."

"ఎవరూ వాయించట్లేదు కదా!"

"కమాను దించాడా? దించేదాకా అయినట్టు కాదు."

"బాబాయొక్కడేగా దించనిది! ఆ వయోలా ఫిడేలు పట్టుకుని, కమాను గాల్లోకెత్తి అలా బిగుసుకుపోయాడేంటి?"

"బాబాయి కాదు. మాజీ బాబాయి."

"సరే, మాజీ. ఆయన ఆగాడని మిగతా ఏడుగురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పాపం, ఆ కొమ్ము ఊదేవాడు ఇంకా బుగ్గలు పూరించుకునే ఉన్నాడు... పిన్నీ, నువ్వేం చేశావు?"

"నేనేం చేశానే? కుదురుగా కూర్చుని విన్నాను."

"కచేరీకి ముందు కోట్లు తగిలించేచోట మీరిద్దరూ గుసగుసలాడటం చూశాన్లే."

"కొక్కెం ఖాళీ లేకపోతేనూ..."

"పిన్నీ!"

"అడిగాడు."

"ఏమని?"

"మళ్లీ పెళ్లి చేసుకుందామని. చాలా?"

"ఓరి నాయనో! నువ్వేమన్నావు?"

"పాట అయ్యాక చెప్తానన్నాను."

"అదీ సంగతి! అందుకే అవనివ్వట్లేదు మహానుభావుడు!"

"ష్ష్! అమ్మా, వెనకవాళ్లూ, కాస్త మాటలాపండి. ఇదే అసలు ఘట్టం."

"క్షమించండి జడ్జిగారూ."

"ఏమీ వాయించకుండా ఇంత చెప్పడం! అబ్బబ్బ! మా ఆవిడ చూడండి, కళ్లనీళ్లు పెట్టుకుంది."

"జలుబేమో పిన్నీ ఆవిడకి."

"ఊరుకోవే, వింటారు."

"నేను చప్పట్లు కొట్టేస్తా. దాంతో పీడా పోతుంది."

"కొట్టావంటే చంపేస్తా! ఈ ఊళ్లో మొగుణ్ణి వదిలేసినా ఊరుకుంటారు గానీ, పాట అవకముందు చప్పట్లు కొడితే మనిషిగా చూడరు."

"మరి ఎంతసేపిలా? ఇంతకీ ఏం చెప్దామని?"

"వద్దని."

"వద్దనా!"

"వద్దనే. చెవుల డాక్టరు కదా, ఊళ్లో అందరి చెవులూ బాగుచేస్తాడు. ఇంట్లో నా మాట చెవినెక్కించుకున్నాడా ఏనాడైనా? 'ఏమండీ' అనేలోపే 'నాకు తెలుసులే' అనేవాడు. ఏం తెలుసు? నా మొహం తెలుసు! వేరుపడ్డాక హాయిగా ఉన్నాను. కిటికీ తెరుచుకుని పడుకుంటున్నాను. అడిగేవాడు లేడు."

"మరి ఇవాళెందుకొచ్చావు?"

"ఎందుకంటే... ఈ పళ్ల డాక్టరుగారి భార్య పిలిచింది."

"నీకావిడంటే పడదుగా."

"పడకపోతే పిలవకూడదా? అవతలికి చూడు."

"చూస్తున్నా. మోచెయ్యి వాలిపోతోంది పిన్నీ."

"ఎవరిది?"

"ఆయనది. మొహమంతా చెమటలు పోస్తోంది."

"భుజం నొప్పి ఉందతనికి, ఎడమది కాదు, ఆ కమాను పట్టే చేతిదే. దించుకోవచ్చుగా, మొండిఘటం!"

"దించితే నువ్వు వద్దంటావు."

"ఆగవే. నేనో సంగతి ఆలోచిస్తున్నాను. అన్నేళ్లు కాపురం చేశాం, నేను చెప్పేదాని కోసం ఆ మనిషి ఒక్కసారైనా ఆగలేదే. ఒక్కసారి."

"ఇప్పుడు ఆగాడుగా."

"ఆగాడు. ఆ ఏడుగురినీ ఆపి మరీ కూర్చున్నాడు, పిచ్చి సన్నాసి."

"ఏడుస్తున్నావా?"

"జలుబు!"

"అయ్యో, పిన్నీ, చెయ్యి జారుతోంది... దించేశాడు!"

"దించేశాడా? అప్పుడే?"

"బ్రావో! బ్రావో! ఈ మధ్యకాలంలో ఇంత గొప్ప మౌనం వినలేదండీ!"

"పిన్నీ, అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఆయన మాత్రం నీకేసే చూస్తున్నాడు. చెప్పు."

"ఈ చప్పట్లలో ఏం వినపడుతుందే?"

"వద్దనాలంటే తల అడ్డంగా ఊపు. పాపం, అలా చంపకు."

"ఇంతమందిలో ఎలా చెప్పనే?"

"ఏదో ఒకటి అను! అరే, లేచి నిలబడ్డావేంటి? పిన్నీ, కుర్చీ పడుతుంది!"

"ఏమండీ! వన్స్ మోర్!"