నురగ పోయేదాకా

నైజీరియాలో, ఎనుగు దగ్గరి ఒక ఊళ్లో, వంశం సభకు బయల్దేరిన ఒజోయెమెనాకు అడ్డంగా భార్య న్వకయేగో గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె ముందు నీళ్ల తొట్టి, చేతిలో పులుసు కోసం కడుగుతున్న చేదాకు.

“లేవవే, దారి వదులు.”

“వదలను. సభలో ఏం మాట్లాడతావో చెప్పి కదులు.”

“ఏముంది? షుగరున్న వాళ్లందరినీ ఆస్పత్రి మందులు మానేసి చేదాకు తినమంటాను. నన్ను చూడమంటాను.”

“నిన్ను చూసి చావమంటావా?”

“నోటికి అదుపుందా నీకు! మాత్రలు విసిరికొట్టి ఏడాదైంది. చచ్చానా? మొన్న పరీక్షలో షుగరు దిగిందని నర్సే నోరెళ్లబెట్టింది. యూనివర్సిటీ వాళ్లు కూడా అన్నారుగా, ఈ చేదులోనే ఉన్నాయట షుగరు దించే రసాయనాలు. ఎలుకల మీద చూశారట.”

“ఎలుకలకి ఆకురసం పోశారయ్యా. పులుసు వండి, పెండలం ముద్దతో పెట్టలేదు.”

“ఆకు ఆకే! నా పులుసు చేదుగా లేదూ? ఈమధ్య నువ్వు తక్కువ కడుగుతున్నావు, నాకు తెలీదనుకున్నావా? మంచి పనే చేస్తున్నావులే.”

“తక్కువా? నేనా? మీ అమ్మ నేర్పినట్టే పిసికి పిసికి, నురగ పోయేదాకా నీళ్లు మారుస్తున్నా. ఇదిగో, ఈ కడిగిన ఆకు నోట్లో వేసుకో. నములు!”

“నమిలాగా.”

“చేదుందా?”

“...లేదు. గడ్డిలా ఉంది.”

“మరి నీ రసాయనాలేవీ? కడిగిన నీళ్లతో అన్నీ పెరట్లో పారబోశా.”

“అయితే పులుసులో చేదు...”

“మాత్రది. డాక్టరు రాసిన మాత్రే. రోజూ నూరి నీ గిన్నెలో కలుపుతున్నా.”

“ఓసి నీ...! మొగుణ్ణే మోసం చేస్తావా?”

“చేశా. మళ్లీ చేస్తా. చెప్తే మింగేవాడివా?”

“మింగేవాణ్ణి కాదు!”

“అందుకే! మీ వంశమంతా పంచాయితీ పెట్టినా చేస్తా. పో, సభకి పో! నేనూ వస్తా. నువ్వు ఆకు అను, నేను మాత్ర అంటా. ఎవరి పరువు పోతుందో చూద్దాం.”

“దారి వదులు, న్వకయేగో.”

“ఇంకా సభేనా? సిగ్గు లేదూ?”

“సభకి కాదే... చెల్లెలింటికి.”

“ఒగ్బెన్యేలు ఇంటికా? ఇప్పుడు దాంతో ఏం పని?”

“దాని షుగరు మాత్రలతో ఆగదు కదా. సూదిమందేగా...”

“అవును. అయితే?”

“నా మాట విని సూదులు మానేసింది.”

“అయ్యో, ఏం మనిషివయ్యా! ఎప్పుడు?”

“వారమైంది. ‘అమ్మ మగతగా పడుంది, పిలిస్తే పలకట్లేదు’ అని ఇందాకే దాని కూతురు ఫోన్ చేసింది.”

“నువ్వేమన్నావు?”

“చేదాకు రసం పొయ్యమన్నాను.”