రెండో కార్డు

డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం. పలాసలో యువరాజు ఫొటో స్టూడియో. కంప్యూటరు ముందు యువరాజు. పక్కన స్టూలు మీద, అతని ఫోను చేతిలో పట్టుకుని భార్య ఉమ.

"నాకు భయం ఒకటే బావా. మావని తీసుకెల్లిపోయిన కిడ్నీ జబ్బే నిన్నూ తీసుకెల్లిపోద్దని."

"అది రాయమన్నానా? క్లాసు గ్రూపులో పెట్టే పోస్టుకి, ఈ ఏడాది తీసిన పన్నెండు ఫొటోల కింద తలో ముక్కా రాయమన్నాను. ఆ కిందన జనవరి క్లాసుల తేదీలు."

"రాత్తన్నాను. రాత్తా సెప్తన్నాను."

"రెండు పన్లు ఒకేసారి సెయ్యకు. ఎక్కడున్నావు?"

"'ఈ ఏడాది నాకు మంచి వెలుతురు దొరికింది' కాడ."

"ఆ. 'జనవరిలో భావనపాడు తెప్పలు. మార్చిలో సముద్రంలోకి పాకుతున్న తాబేలు పిల్లలు.' వత్తులు సరిగ్గా పెట్టు."

"తొమ్మిదిలో బడి మానీసినా వత్తులు వచ్చు. ఎల్లు."

"'జూన్‌లో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులు.'"

"ఆ సేతులు మా పిన్నివి. పేరు రాద్దామా?"

"రాయి. సంబరపడతాది. మజ్జలో నెలలవి నాను ముందే రాసీసేను. 'అక్టోబరు. రావివలస మల్లికార్జునుడి గుడి దగ్గర మా క్లాసుకొచ్చినవాళ్ళతో గ్రూపు ఫొటో.'"

"ఇందులో అందరి మొకాలూ ఎండకి వాడిపోయున్నాయి. నీదొక్కటే పెళ్ళికొడుకు మొకంలాగుంది."

"ఫొటోగ్రాఫర్ని కదా. ఆమాత్రం ఉండాలి."

"కళ్ళ కింద వాపు తుడిసీసేవు."

"పాస్‌పోర్టు ఫొటోకొచ్చినోళ్ళందరికీ తుడుత్తాను. నాకు నాను తుడుసుకుంటే తప్పా?"

"ఆళ్ళు అడిగితే తుడుత్తావు. నిన్నెవరడిగేరు?"

"ఉమా. రాయి."

"ఇదివరకు టైమరు నొక్కీసి పరిగెట్టుకెల్లి ముందు వరసలో బాసిపట్టేసుకుని కూకునేవోడివి. ఇప్పుడు ఎనక వరసలో నిలబడ్డావు. కాళ్ళు కనపడకుండా."

"పొడుగ్గా ఉన్నోళ్ళు ఎనకే నిలబడాలి. 'డిసెంబరు. తేలినీలాపురంలో గూడు కడుతున్న కొంగ.' రాసేవా?"

"నవంబరు దాటీసేవు."

"నవంబరులో వాన. మంచి ఫొటో లేదు."

"పన్నెండన్నావు కదా."

"పదకొండు సాలు. ఎవడు లెక్కెడతాడు?"

"నాను లెక్కెడతాను."

"నీకు ఇవాళ ఏటయ్యింది? సిన్నమ్మి ఏదీ, ఎవరి కాడ వదిలేవు?"

"అత్త కాడుంది. బొమ్మతో ఆడుకుంటంది. బొమ్మ కాలు మీద వేలెట్టి నొక్కింది. సొట్ట పడలేదని బొమ్మని ఇసిరికొట్టింది."

"బొమ్మకి సొట్టెందుకు పడతాది?"

"నాన్న కాలికి పడతాది కదా మరి. పొద్దున నువ్వు పడుకుని ఉంటే నొక్కింది. నొక్కి నన్ను కేకేసింది, 'అమ్మా, నాన్న కాలు సపాతీ పిండి' అని. నాను కూకుని లెక్కెట్టేను. ఇరవైకి గాని ఆ సొట్ట పూడలేదు."

"తడి ఇసకలో గంటలు గంటలు నిలబడితే వాయవా కాళ్ళు?"

"నిన్న ఇసకలోకెల్లలేదు. నిన్నంతా ఈ కుర్చీలోనే కూకున్నావు."

"కూకున్నా వాత్తాయి."

"నిలబడితే వాత్తాయి. కూకుంటే వాత్తాయి. పడుకుంటేనో?"

"పడుకుంటే నువ్వొచ్చి లెక్కెడతావు."

"నన్ను నవ్వించకు బావా."

"నవ్వలేదు కదా నువ్వు."

"ఫోను మోగుతంది. బిందు, వైజాగ్ అని పడింది."

"క్లాసులకొచ్చే అమ్మాయి. స్పీకర్లో పెట్టు, నాకు సెయ్యి ఖాళీ లేదు."

"నమస్తే సార్, బిందుని. జనవరి క్లాసులు పదో తారీఖు నుంచేనా? ఈసారి నాతో ఇంకో ఇద్దరు వస్తామంటున్నారు."

"రమ్మనండి బిందు గారూ. పది, పదకొండు, పన్నెండు. మొదటి రోజు తేలినీలాపురంలో పక్షులు. రెండో రోజు భావనపాడులో తెల్లారగట్ల తెప్పలు. మూడో రోజు ఉద్దానం తోటల్లో నడక. ఐదు కిలోమీటర్లు."

"మీకిప్పుడు ఎలా ఉంది సార్? అంత నడవగలరా?"

"నాకేటండీ, బాగున్నాను. సరే అయితే, ఉంటాను మరి..."

"అలా కాదు సార్. మొన్న పక్షుల టవర్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు కదా. వాంతి కూడా అయ్యింది. మాకు చాలా భయమేసింది. మేడమ్‌కి చెప్పొద్దన్నారని ఊరుకున్నాం గానీ..."

"బిందు గారూ, ఫోను స్పీకర్లో..."

"ఇంటన్నానమ్మా. నాను ఉమని. ఎన్ని మెట్లెక్కేడు?"

"అయ్యో... నమస్తే మేడమ్. పది మెట్లు కూడా ఎక్కలేదండీ."

"కూకుని ఏటి సేసేడు?"

"మాత్ర వేసుకున్నారండీ. కెమెరా బ్యాగులో, లెన్సు తుడిచే గుడ్డ పెట్టుకునే జేబులోంచి తీసి. నడుం నొప్పికి అన్నారు. సారీ సార్, నేను అనవసరంగా..."

"పర్లేదండీ. పదో తారీఖు కలుద్దాం."

"నువ్వు మంచి పని సేసేవు తల్లీ. నీ నెంబరు నాకాడ ఉంచుకుంటాను."

"తప్పకుండా మేడమ్. ఉంటానండీ."

"..."

"బ్యాగు ఇలగియ్యి బావా."

"కెమెరా ఉంది అందులో. పడిపోతాది."

"ఆరేళ్ళ నుంచి నీ కెమెరాలు మోత్తన్నాను. ఒక్కటైనా పడీసేనా? ఇయ్యి."

"ఏటుందని అందులో?"

"గుడ్డ. గుడ్డ కింద అట్ట. నొప్పి మాత్రలు. ఆరు కన్నాలు కాళీ."

"క్లాసు మజ్జలో కూలబడితే బాగోదని ఒకటేసుకున్నాను."

"ఆరు."

"నడుం నొప్పికి మనిసి మాత్ర ఏసుకోడేటి?"

"ఉద్దానంలో పుట్టినోడివి. డాక్టర్ని అడక్కుండా నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని మనూరి బడి గోడ మీద ఇంతలేసి అచ్చరాలతో రాసుంది. ఆ గోడకి ఫొటో తీసిందీ నువ్వే."

"సరే. ఇంక ఏసుకోను. ఒగ్గీ."

"రక్తం టెస్టు సేయించుకో."

"క్లాసులవ్వగానే సేయించుకుంటాను. పదమూడో తారీఖు. ఒట్టు."

"ఎవరి మీద?"

"ఎవరి మీదేటి? ఒట్టంటే ఒట్టే."

"సిన్నమ్మి మీద ఎయ్యి."

"సిన్నపిల్ల మీద ఒట్లేటి? బుద్దుందా నీకు?"

"ఎయ్యలేవు. అబద్దపు ఒట్టు పిల్ల మీద ఎయ్యలేవు. టెస్టు సేయించీసుకున్నావు నువ్వు."

"ఎవరు సెప్పేరు నీకు?"

"నువ్వే. నీ కెమెరాకి మెమరీ కార్డులెన్ని?"

"రెండు."

"రెండెందుకు?"

"ఒకటి పాడైపోతే ఇంకోటి ఉంటాదని. తీసిన పతి ఫొటో రెండింట్లోనూ పడతాది. ఇప్పుడదెందుకు?"

"క్లాసులో ఏటి సెప్తావు? బిందు గారికి సెప్పినట్టు నాకూ సెప్పు."

"...'ఒక్క కార్డుని ఎప్పుడూ నమ్మకండి.'"

"మొదటి కార్డులోది తుడిసీసేవు. రెండో కార్డు ఇంటికి తీసుకెల్లి ఖాళీ సేసేది నాను కదా. నిన్న రాత్రి సేసేను. నవంబరు పంతొమ్మిది. ముందు ఫొటో గూడబాతు. తరవాత ఫొటో గూడబాతు. రెండింటి మజ్జన ఒక కాయితం."

"ఉమా..."

"నవంబరులో ఫొటో లేదన్నావు."

"కాయితం ఇంటికి తెత్తే అమ్మ సూత్తాది. ఫోన్లో తీత్తే నువ్వు సూత్తావు. అందుకని కెమెరాతో తీసి కాయితం సింపీసేను. తరవాత అదీ ఎందుకనిపించి తుడిసీసేను. రెండో కార్డు గుర్తుకు రాలేదు."

"క్రియాటినిన్ మూడు పాయింటు రెండు. మావ మంచం కాడ రెండేళ్ళు కూకున్నాను. ఆ అంకె ఎంత దాటకూడదో నాకెవరూ సెప్పక్కర్లేదు."

"అయ్యకి మొదటిసారి సూసినప్పుడు ఇంతకన్నా ఎక్కువుంది."

"మావకి తెలిసీసరికే ఎక్కువ. నీకు బేగి తెలిసింది. తెలిసి నలభై రెండు రోజులైంది. నలభై రెండు రోజులు నా పక్కన పడుకుని, నా సేత అన్నం పెట్టించుకుని, ఒక్క మాట అన్లేదు నువ్వు."

"ఏడవకు. బయట కస్టమర్లెవరైనా వత్తారు."

"రానీ. ఎందుకు దాసేవు? నానేటి సేసేను బావా?"

"నీ గురించి కాదు."

"మరెవరి గురించి?"

"ఇన్నాళ్ళూ బయట నుంచి కెమెరాలేసుకుని వచ్చినోళ్ళు మన కాడ ఏటి తీసేరు? సూది గుచ్చిన సేతులు. మంచాలు. అయ్య పోయిన మర్నాడు ఒకడొచ్చేడు, గుర్తుందా? అమ్మని గుమ్మంలో కూకోమన్నాడు. ఎందుకంటే అక్కడ వెలుతురు బాగుందట."

"గుర్తుంది. అత్త కూకుంది కూడా."

"కూకుంది. ఆడు ఇలగ తల తిప్పమంటే తిప్పింది. ఆ రోజే అనుకున్నాను. నా క్లాసుల్లో అలాటి ఫొటో ఒక్కటి కూడా ఉండదని. పక్షులు, తెప్పలు, జీడితోటలు. ఉద్దానం అంటే ఇది కూడా అని సూపిత్తానన్నాను. ఇప్పుడు ముందు నడిసేవోడికే జబ్బని తెలిత్తే ఆళ్ళు పక్షుల్ని సూత్తారా? నన్ను సూత్తారు."

"సూడనీ. ఎవరో ఒకరు సూడాలి కదా. నాకైతే కనపడకుండా తుడుసుకుంటన్నావు."

"అంటే క్లాసులు ఆపీమంటావు."

"ఆపీమన్లేదు. ముందు ఆస్పత్రంటన్నాను. రెండో తారీఖు. ఈ ఊళ్ళోనే ఉంది, బస్సెక్కే పని కూడా లేదు."

"పదమూడన్నాను కదా."

"పదమూడంటావు. తరవాత ఫిబ్రవరి క్లాసులంటావు. మార్చిలో తాబేలు పిల్లలొత్తాయంటావు. మావ కూడా అలగే, సేపల ఏటకెల్తా 'ఈ ఏట అయిపోనీ, ఈ ఏట అయిపోనీ' అన్నాడు. ఎన్ని ఏటలకెల్లేడో నీకు తెలుసు. ఆకరికి ఆస్పత్రికి మోసుకెల్లినోడివి నువ్వే."

"..."

"మాటాడు."

"అమ్మకి సెప్పకు."

"అత్తకి పొద్దున్నే తెలిసిపోయింది. సిన్నమ్మి నొక్కినప్పుడు ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఏటీ అన్లేదు. పిల్లని ఎత్తుకుని ఎల్లిపోయింది. అందుకే పిల్ల ఇప్పుడు ఆవిడ కాడుంది."

"ఏటీ అన్లేదా?"

"ఏటంటాది? ఆవిడకి కొత్తా?"

"...టైమైపోతంది. ఆ పోస్టు పెట్టీ. ఇవాళ్టితో ఏడాది అయిపోద్ది. నాను సెప్పింది సెప్పినట్టు పెట్టు, ఒక్క ముక్క మార్చకు."

"మార్చలేదు. నువ్వు సెప్పినవన్నీ ఉన్నాయి. తెప్పలు, తాబేలు పిల్లలు, పిన్ని సేతులు, కొంగ. నవంబరు కాళీగా ఉంది కదా, అక్కడ నాను రాసేను."

"ఎప్పుడు రాసేవు?"

"నువ్వు మాటాడకుండా కూకున్నప్పుడల్లా."

"ఏటి రాసేవు? ఇలగియ్యి ఫోను. ఉమా, పెట్టకు. సూసి దిద్దుతాను."

"పెట్టీసేను."

"తీసీ!"

"తీసినా లాభం లేదు. అప్పుడే తొమ్మిదిమంది సూసీసేరు. ముందు సూసింది బిందు గారే. ఇదిగో, సదువు. గట్టిగా సదువు, నీ నోటితో ఇనాలి."

"'నవంబరు. ఈ నెల ఫొటో మా ఆయన మీకు చూపించలేదు. నేను చూశాను. అందులో పక్షి లేదు. మా ఆయన పేరూ, ఒక అంకే ఉన్నాయి. నేను ఉమని, ఆయన భార్యని. జనవరి రెండో తారీఖున ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. నడవొచ్చని డాక్టరు చెప్తే పదో తారీఖు క్లాసుల్లో మీతో నడుస్తాడు. వద్దంటే చెట్టు కింద కుర్చీలో కూర్చుని చెప్తాడు, మీరు నడవండి. ఉద్దానం తోటలు బాగుంటాయి. ఆయన తీసిన ఫొటోలకన్నా బాగుంటాయి...'"

"ఆగిపోయేవేం? ఇంకా ఉంది."

"ఉమా..."

"సదువు బావా."

"'పాప చిన్నది, నేను మీతో రాలేను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు వచ్చిన రోజు, కెమెరాలు బయటకి తియ్యక ముందే, మా ఆయన కాలి మీద వేలు పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కండి. వేలు తీసేసి ఇరవై దాకా లెక్కపెట్టండి. సొట్ట పూడకపోతే నాకు ఫోన్ చెయ్యండి.'"