మోదుగాకు మీద పొడి బియ్యం

ఎవరి గురించి? సుక్కమ్మ గురించా? ముందు గా ఫోను పక్కకు వెట్టు. జేబుల గాదు, గీ అరుగు మీద, నాకు కనవడేటట్టు. బోర్లా పెట్టినా ఇంటయంట గదా గిప్పటి ఫోన్లు, మా మనుమడు జెప్పిండు. సరే తియ్యి. నిన్నెవలు తోలిచ్చిన్రు బిడ్డా? సూర్యాపేటల బస్సెక్కి, కోదాడల దిగి, ఆటో మాట్లాడుకొని, అనంతగిరి అవతల గీ ఊరుదాక, ఎన్నడో సచ్చిపోయిన ఒక దొంగ ఆడిదాని ముచ్చట కోసం వచ్చినవంటే నేను నమ్మాల్నా? సదువు కోసమంటవ్. గిసువంటి సదువు ఏడుంటది? తొంభైకి దగ్గర వడ్డ, కండ్లకు మసకొచ్చింది గని బుద్ధికి రాలే. జర గా వక్కాకు సంచి ఇటియ్యి. నాకు నోట్లె ఏదో ఒకటి ఉండాలె, చిన్నప్పటి సంది గదే అలవాటు. ఆఁ. నీ మాట నాకర్థమైంది. సుక్కమ్మ దొంగతనాలు జేసింది, కత్తితోని పొడిచింది, జైలుకు వోయింది, గవన్ని నీకు తెలుసు. నువ్వు అడుగుతున్నది మొట్టమొదటిది. మా ఇంట్ల వెండి గొలుసు. అది ఆమెనే తీసిందా, కాదా. గదొక్కటే గదా? ఎందుకు గావాలె నీకు? చెప్పవా? సరే, చెప్పకు.

సుక్కమ్మ నాయిన ఈదయ్య. మా పొలాలకు నీళ్ళు కట్టేటోడు. మా నాయిన గురవయ్య, ఊరికి మాలి పటేలు, శిస్తు వసూలు ఆయనదే. పెద్ద దొరేం గాదు గని ఆయన మాటంటే ఊర్ల మాటే. రజాకార్ల కాలమది. నైజాం మీద కొట్లాడే సంఘపోళ్ళకు ఈదయ్య రొట్టెలు మోస్తుండని ఎవడో చెవిల ఊదిండు. ఎవడో నన్నడగకు. నాకు అనుమానాలున్నయ్, మా ఇంట్లోళ్ళ మీద గూడ ఉన్నయ్, గని అనుమానం సాక్ష్యమైతదా? రజాకార్లొచ్చి ఊరందర్నీ చావడి ముందల గుండ్రంగ నిలవెట్టిన్రు, నడుమ ఈదయ్యను. కొట్టిన్రు. మేం సూస్కుంట నిలవడ్డం, ఒక్కడు కదల్లే. సుక్కమ్మకు ఎనిమిదేండ్లో తొమ్మిదో ఉంటయ్, తల్లి సాయమ్మ కొంగు పట్టుకొని నా పక్కనే ఉన్నది. నాయినా అని పిలుద్దామని నోరు తెరిచింది. మాట రాలే. పెదవులు సున్నం పూసినట్టు తెల్లగైనయ్, నాలుక అంగిట్లకు అతుక్కపోయింది. మూడో నాడు ఈదయ్య పాణం వోయింది. ఎండాకాలంల గత్తరొచ్చి, కలరా అంటరు గదా మీరు, సాయమ్మ గూడ పోయింది. ఇగ గప్పటి సంది నలుగురు మొగోళ్ళు సుట్టూ నిలవడితే చాలు, ఆ పిల్లకు నోరెండేది. మాట అడిగితే గాలి తప్ప ఏం రాకపోయేది. ఇది ఊరందరికీ తెలుసు బిడ్డా. తెలిసి గూడ అవసరం వడ్డప్పుడు ఎవ్వలకు యాదికి రాలే.

దిక్కులేని పిల్లని మా నాయినే ఇంటికి తెచ్చిండు. పెండ తీసుడు, బర్లకాడికి వోవుడు, తిండికి మాడిన అడుగు బువ్వ. పెత్తనమంతా మా మేనత్త అంజమ్మది. మొగుడు వోయి పుట్టింట్ల ఉండేది, తాళాలు ఆమె నడుముకే. ఒకనాడు సుక్కమ్మ కొంగుల నాలుగు రొట్టె ముక్కలు దొరికినయ్, రాయి లెక్క ఎండినయ్. రేపు వెడ్తరో పెట్టరో అని దాసుకున్నది పాపం. మా అత్త ముక్కు మీద వేలేసుకొని, దీనిది దొంగబుద్ధి, అన్నది. ఆకలి బుద్ధి అనలే. ఆ మాట గట్లనే పిల్లకు అంటుకున్నది. పోలీసు యాక్షన్ అయి నాలుగైదు నెలలు, కొత్త చింతపండు కొట్టే రోజులు, గప్పుడే మా అత్త వెండి గొలుసు వోయింది. ఇంట్ల మనుషులు, పాలేర్లు, నేను, పది మందిమి. మా నాయిన మంత్రాల పర్వతాలును పిలిపిచ్చిండు. గప్పట్ల దొంగను పట్టాలంటే ఠాణాకెవడు వోయిండు? బియ్యం నమిలిచ్చుడే. పసుపు కలిపిన పచ్చి బియ్యం తలా ఇంత నోట్లె వోస్తరు. ఆయన ఏదో సదువుకుంట తిరుగుతడు, మనం నమలాలె, ఆపమన్నప్పుడు ముందలున్న మోదుగాకు మీద ఉమ్మాలె. మంచోని బియ్యం తడితడిగ ముద్దొస్తది. దొంగోనికి భయానికి నోరెండుతది, బియ్యం పొడిపొడిగ రాలుతది. మా నాయినమ్మ సెప్తుండె, అది మంత్రం గాదురా, భయపడ్డోని నోట్లె ఉమ్మి ఊరది, గంతే అని.

నిలవెట్టిన్రు అందర్నీ. ఎట్ల నిలవెట్టిన్రంటవ్? గుండ్రంగ. పెద్దోళ్ళు సుట్టూ, చేతుల కట్టెలు. సుక్కమ్మ నోట్లె బియ్యం వోసిన్రో లేదో పెదవులు తెల్లగైనయ్. నేను సూసిన. నాకు తెలుసు గదేందో, ఎందుకో. ఆమె ఉమ్మితే ఆకు మీద పిండి రాలింది. ఒక్క సుక్క తడి లేదు. నా బియ్యం ముద్దగ వచ్చింది. ఎందుకు రాదు? బుగ్గల చింతపండు వెట్టుకున్న నేను, రేగ్గాయంత. గట్ల సూడకు. పన్నెండేండ్లోన్ని. మిలిట్రీ లారీలల్ల బ్యాటరీ లైట్లు సూసిన, మనసు వడ్డది. కోదాడల హీరాలాల్ దుకాణంల ఒకటున్నది, వెండిదేదన్న తెస్తే ఇస్తడని ఎవడో అన్నడు. గొలుసు తీసి దూలం సందుల వెట్టిన. అంతే. నాకు ఆకలి లేదు, బాధ లేదు, మా నాయినను ఎవ్వలు కొట్టలే. పర్వతాలు నా ఆకు కాడికొచ్చి వంగి సూసిండు. ముద్దల చింతపండు పీచు ఎర్రగ కనవడ్డది. తలెత్తి మా నాయిన దిక్కు సూసిండు. మా నాయిన దగ్గిండు. పర్వతాలు ముందలికి వోయిండు. ఆ దగ్గు దగ్గేనా, ఇంకేమన్ననా? డెబ్బై ఏండ్లు దాటింది, నాకు ఇంక అనుమానమే.

గుంజకు కట్టేసిన్రు పిల్లని. మా అత్త అట్లకాడ కాల్చి వాత వెట్టింది, యాడ వెట్టినవే అనుకుంట. రెండో వాతకు మాట పెగిలింది. బాయిల ఏసిన అన్నది. కొట్టుడు ఆగాల్నని అన్న మాట అది, ఎవలికైనా తెలుస్తది. సైదులు అని మా పాలేరు, గిరక బాయిల దిగి రెండు గంటలు దేవిండు, బురద తప్ప ఏం రాలే. రేపు మల్ల దిగుత అన్నడు, దొరకకుంటే దీని తోలు తీస్త అన్నది మా అత్త. నేనేం జేయాలె? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. చీకటి వడ్డంక దూలం సందుల నుంచి గొలుసు తీసి బాయిల జారిడిసిన. దొరికితే కొట్టుడు ఆపుతరు గదా అని. మేలు జేస్తున్న అనుకున్న బిడ్డా, మా అమ్మ తోడు. తెల్లారి సైదులు గొలుసుతోని పైకొచ్చిండు. నిజంగనే కొట్టలే. ఇడిసిపెట్టిన్రు. గని ఆ గొలుసు దిక్కు సుక్కమ్మ సూసిన సూపు ఉన్నది సూడు... తన చేతులు తిప్పి తిప్పి సూసుకున్నది. ఏసిన్నేమో, నాకే యాదికి లేదేమో, అన్నట్టు. అబద్ధం ఆడితే అబద్ధం నిజమై బాయిలకెల్లి వచ్చింది మరి.

ఆ వారమే ఇల్లిడిసి వోయి, కోదాడ అంగట్ల ఒకామె పైసల ముల్లెను సుక్కమ్మ కొట్టేసింది. అది నిజంగ ఆమెనే. తర్వాత సూర్యాపేటల, తర్వాత మిర్యాలగూడ మిల్లుల కాడ, బియ్యం బస్తాలకు కొడవలి ముక్కతోని బొక్క వొడిసి ఒళ్ళె వట్టుకునేది. ఊరంతా సూసినవా, మేమన్లేదా అన్నరు. నన్ను ఎవ్వలు దొంగ అనలే, గందుకే నేను దొంగను గాలే. రెండుసార్లు సర్పంచునైన. ఏడాది తిరగకముందే మిర్యాలగూడల ఒక మిల్లు కాడ ఆమెను పట్టుకున్నరు. ఒళ్ళె ఉన్న బియ్యం ఇచ్చేస్తే అయిపోయేది, గని నలుగురు కావలోళ్ళు సుట్టూ నిలవడ్డరంట. గుండ్రంగ. అరుద్దామంటే ఆమె నోట్లెకెల్లి మాట రాకపాయె, చేతిల కొడవలి ముక్క ఉండె. ఒకడు సచ్చిండు. పిల్లకు అప్పటికి పదేండ్లో పదకొండో. ఇగ జైలు, ఆడికెల్లి పిల్లల జైలు, గవన్ని నీకు తెలిసినట్టే ఉన్నది, తల ఊపుతున్నవ్.

ఒక్కటి మిగిలింది. నేను ఎవ్వలకు చెప్పలే, మా ఇంటిదానికి గూడ చెప్పలే. ఆ కావలోడు సచ్చుటానికి ఎనిమిది రోజుల ముందు నేను మిర్యాలగూడకు వోయిన, మా నాయినతోని, మిల్లు సూద్దామని. మిల్లు కాడ ఆయన ఎవరితోనో మాట్లాడుతుండు, జర దూరంల. సుక్కమ్మ నన్ను గుర్తువట్టి దగ్గరికొచ్చింది. కాలిన మచ్చ చేతి మీద గట్లనే ఉన్నది. తిడ్తదనుకున్న. తిట్టలే. మెల్లగ అడిగింది, "చిన్న పటేలా, ఒక్క మాట నిజం జెప్పు. గా గొలుసు నేనే ఏసిన్నా బాయిల? నాకు యాదికి వస్తలేదు. నువ్వు ఇంట్లనే ఉంటివి గదా." నేను మా నాయిన దిక్కు సూసిన. ఆయన మా దిక్కే సూస్తుండు. "నువ్వే ఏసినవ్," అన్న. ఆమె సరే పటేలా అన్నది. ఒక బరువు దించుకున్నట్టు అన్నది, ఏడ్వలే, ఏం లే. రోడ్డు దాటి బస్తాల దిక్కు వోయింది.

ఏడుస్తున్నవా? నాకు మొదట్నుంచే అనుమానం. గా పెదవులు నేను ఎరుగుదు. సుక్కమ్మ నీకేమయితది బిడ్డా? నాయినమ్మనా, అమ్మమ్మనా? ఎత్తు గా ఫోను, నా దిక్కు తిప్పు, మల్ల జెప్త. పేరుతోని జెప్త. జర ఆగు... గా చెంబు ఇటియ్యి. వక్కాకు నోట్లెనే ఉన్నది, నములుతనే ఉన్న. తడి లేదు.