మిషనుకు కట్టిన దారం

1984, హోసూరు. ఆయుధ పూజ అయిన రెండో రోజు మధ్యాహ్నం. కొడుకు కేశవప్పకు కూర గిన్నె ఇవ్వాలనే నెపంతో ఉద్దనపల్లి నుంచి బస్సెక్కి వచ్చిన అంజనమ్మ, రేకుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎలక్ట్రీషియన్ సిద్దప్పను పట్టుకుని వదలడం లేదు.

“...అట్లయితే వాడి చెయ్యి బాగుండాది అంటావు.”

“బాగుండాది అత్తా. ఇప్పుడే చూసి వచ్చినాను.”

“వేళ్లు?”

“వేళ్లూ ఉండాయి. పోయి లెక్కపెట్టమంటావా?”

“నగతావు నువ్వు. బర్గూరులో మా తిమ్మమ్మ అల్లునికి రాతి మిషన్‌లో ఏమైందో...”

“అది పోయినసారే చెప్పినావు.”

“పోయినసారి సగమే విన్నావు.”

“నువ్వు విను అత్తా. కేశవప్ప మిషను ముందర కమ్మీల తలుపు ఉండాది. దాని పక్కన లిమిట్ స్విచ్చి పెట్టినాను, నా చేత్తోనే. తలుపు మూస్తే స్విచ్చి అణుగుతాది, అప్పుడే మిషను ఆడేది. తెరిస్తే స్విచ్చి పైకి లేస్తాది, మిషను నిలిచిపోతాది.”

“స్విచ్చి చెడిపోతే?”

“పూజకు ముందే చూసినాను. బాగుండాది.”

“కరెంటు పోతే?”

“ఇప్పుడు పోయే ఉండాది కదా. అందుకే ఈడ నీతో మాట్లాడతా ఉండేది. వాడు తలుపు తెరిచి, ఇనుప దిమ్మ కింద ఇరుక్కున్న రేకు తీస్తా ఉండాడు. ఉన్నట్టుండి కరెంటొచ్చినా ఆ మిషను కదలదు.”

“ఆ స్విచ్చి ఎంతుంటాది?”

“అగ్గిపెట్టె అంత. దానికి చిటికెన వేలంత చెయ్యి, కొసన చిన్న చక్రం. తలుపు మూస్తే అణిగేది ఆ చెయ్యే.”

“కుడిపక్కనా?”

“కుడిపక్కనే. నీకెట్ల తెలుసు?”

“మొన్న పూజకు ఇండ్లవాళ్లనూ పిలిచినారు కదప్పా. మారెమ్మ గుడి పూజారి ఇచ్చిన పసుపు దారం తెచ్చి వాడి మిషనుకు కట్టినాను.”

“పూలూ దారాలూ పొద్దున్నే తీసేయమన్నారు లే.”

“ఈడ వాచ్‌మన్ చెప్పినాడు, నాది తీయలేదంట. అమ్మ కట్టింది, ఎవురూ ముట్టుకోకూడదని కొట్లాడినాడంట.”

“యాడ కట్టినావు?”

“అంత ఇనుముకు యాడ కట్టేది? ఆ చిన్న చెయ్యి దొరికింది. ఊగతా ఉండె. దారం ఊడిపోతాదేమోనని దాన్ని బాగా కిందికి అణిచి...”

“అణిచి కట్టినావా?”

“కదలకుండా చుట్టినాను. ఏమప్పా, ఎందుకట్ల చూస్తావు? ఆ సద్దు ఏమిది?”

“కరెంటొచ్చింది.”

సిద్దప్ప లోపలికి పరుగెత్తాడు. తిరిగి వచ్చినప్పుడు వెంట కేశవప్ప ఉన్నాడు.

“చెయ్యి చూపీరా.”

“ఏమిటికమ్మా?”

“చూపీ. రెండూ.”

“ఇదో. ఏమీ కాలేదు. రేకు తీద్దామని చెయ్యి చాచినాను. నీ దారం కంటపడింది. ముట్టుకుని కండ్లకద్దుకున్నాను. అంతలో కరెంటొచ్చి, తలుపు తెరిచి ఉండంగానే ఇనుప దిమ్మ దిగిపోయింది.”

“సిద్దప్పా, నువ్వు చెప్పలేదా వీనికి?”

“మెయిన్ స్విచ్చి ఆపినాను అత్తా. చెప్పేదానికి నోరు రాలేదు. వాడు చెప్పేది ఇంకా విను.”

“నీ దారమే కాపాడిందమ్మా. వాళ్ల మిషన్లకూ నీ చేత కట్టించమని లోపల అందురూ అడగతా ఉండారు. ఆ చిన్న చెయ్యికే కట్టాలంట, అట్లనే అణిచి.”

“కత్తి ఉండాదా సిద్దప్పా?”

“ఉండాది. నేను కోసేస్తాను లే.”

“నువ్వు కోస్తే ఇంకొకడు కడతాడు. నన్ను లోపలికి పిలుచుకుని పో. అందురూ చూస్తా ఉండంగా నేనే కోస్తాను.”