లోపలి గడియ

తలుపు తన్నకు మేస్త్రీ, దణ్ణం పెడతా. లోపల చంటిది తలుపుకి ఆనుకుని నిలబడిందో ఏమో. ముందు నేనూ భుజంతో ఒక్కటిచ్చాను, లోపల ఏదో దబ్బున పడింది. అప్పట్నుంచి ముట్టుకుంటే ఒట్టు. నిన్ను కేకేసింది అందుకే.

ఆ, తలుపు బందులు విప్పెయ్యి. అదే మంచిది. ఇటువైపే ఉన్నాయి, నా అదృష్టం. మరలు నోట్లో పెట్టుకున్నావు కదా, నువ్వు మాట్లాడకు. నేనే మాట్లాడతా. నోరు మూసుకుంటే నేనే మళ్లీ ఆ తలుపు మీద పడేట్టున్నాను.

వింటున్నావా, టప్ టప్ మని? టబ్బు నీళ్లలో గరిటె ఆడిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపు పరవాలేదు. ఆ చప్పుడు మీదే నా ప్రాణమంతా ఉంది.

నేను మాత్రం ఏం చెయ్యను చెప్పు? బయట ఒకటే ముసురు. ఇంట్లో రెండేళ్లు నిండని కవలలు. మా అమ్మాయి పొద్దున్నే మందుల షాపుకి వెళ్లిపోతుంది. క్రెష్‌లో వేస్తానంటే నేనే ఒప్పుకోలేదు. నేనుండగా నా మనవరాళ్లు పరాయి చేతుల్లోనా అన్నాను. జన్మంతా బస్సు నడిపినవాణ్ని, బండి నిండా జనాన్ని ఘాట్ రోడ్లు ఎక్కించి దించినవాణ్ని, ఈ బుడతలు నాకో లెక్కా అనుకున్నాను. వట్టి దద్దమ్మని.

బొమ్మలు ఒక్క పూటకే మొహం మొత్తుతాయి వీళ్లకి. గిన్నెలిచ్చి మూతలు కలపమన్నాను. బట్టల క్లిప్పులు డబ్బా అంచుకి గుచ్చమన్నాను. జల్లెడ కన్నాల్లో దారం దూర్చమన్నాను. ఆఖరికి పాత గడియ ఒకటి చెక్కకి బిగించి ముందు పెట్టాను. లాగు, తొయ్యి, లాగు, తొయ్యి. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కిక్కురుమంటే ఒట్టు. పక్కింటావిణ్ని పిలిచి మరీ చూపించాను, నా తెలివి చూడమని. ఇవాళ స్నానాలగదిలో టబ్బు నిండా నీళ్లు పెట్టి, గిన్నెల మూతలు తేలేసి ఆడించాను.

ఏంటలా చూస్తావు? అవును, నేనే నేర్పాను. ఈ స్నానాలగది గడియ కిందికి దించి బిగించింది నువ్వే కదా, పైన చెక్క పుచ్చిపోయిందని? నీ తప్పని అనడం లేదయ్యా. నువ్వు బిగించావు, నేను నేర్పాను, అది వేసుకుంది. లాగమ్మా అంటే లాగుతోంది పాపం. చెక్క మీదిది సులువుగా జారేది, ఇది బిగుసుకుపోయింది. తొయ్యడానికి సరిపోయిన బలం లాగడానికి చాలడం లేదు.

బంగారూ, గరిటె ఆడించు. తాతయ్య ఇక్కడే ఉన్నాడు. ఒసే పెద్దదానా, నా మెడ వదులు, ఊపిరాడ్డం లేదు. చెల్లిని పిలువు. పిలువమ్మా.

మేస్త్రీ, చప్పుడు ఆగిపోయింది.

నీకు వినిపిస్తోందా? వినిపించడం లేదు కదా. తొందరగా, తొందరగా. నీళ్లెంతున్నాయంటావా? జానెడే. కాదు, జానెడు కంటే ఎక్కువే. మూతలు బాగా తేలాలని పోశాను.

ఇంకోటి కూడా ఉంది. తువ్వాలు కోసం ఇటు తిరిగానో లేదో తలుపేసుకుందని ఇందాక నిన్ను పిలిచినప్పుడు చెప్పాను కదా. అబద్ధం. ఆట అయిపోయి ముగ్గురం బయటికొచ్చేశాం. టబ్బులో నీళ్లు తర్వాత పారబోద్దాంలే అనుకున్నాను. కుర్చీలో చేరగిలబడ్డాను, కన్ను మూతపడింది. పెద్దది ఒక్కతే వచ్చి పంచె పట్టుకుని లాగితే లేచాను. చిన్నది ఎంతసేపటి నుంచి లోపలుందో నాకు తెలియదు. నిజంగా తెలియదు.

అదే ఆఖరి మరా? ఊడిందా? ఆగు. నేను రాలేను. నువ్వే ముందు చూడు. చూసి చెప్పు. వద్దు, చెప్పకు. చెప్పు, చెప్పు.

టబ్బులో ఏంటది, తెల్లగా ఉబ్బి? పలకవేం? ఆ మరలు ఉమ్మేసి పలుకు.

నా చొక్కానా.

నా చొక్కాలు. ఉతికే బట్టలన్నీ తెచ్చి ముంచిందా. మరి అదేది? మూలనా? బకెట్ వెనకా? తల్లీ, రా, ఇటు రా. నాకియ్యి, మేస్త్రీ, నాకియ్యి. ఒళ్లంతా తడిసి ముద్దయింది. నవ్వుతోంది చూడు. దాగుడుమూతలనుకుంది. మనం తలుపు దగ్గర ఇంత గోల చేస్తుంటే, తనని పట్టుకోవడానికి వస్తున్నామని చప్పుడు చెయ్యకుండా దాక్కుంది.

  ఇద్దర్నీ ఎత్తుకున్నాను, ఇద్దరూ ఉన్నారు, అయినా మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాను.

వాళ్లమ్మ వచ్చే వేళైంది. తలుపు సంగతి అడిగితే ఏదో ఒకటి చెబుదాం. చెక్క ఉబ్బిందని చెబుదాం. నిజం చెబితే రేపట్నుంచి పిల్లలు క్రెష్‌కే, ఈ ఇంట్లో నేనూ నాలుగు గోడలూ. చెప్పకపోతే మామూలుగానే, నాన్నా వెళ్లొస్తానని ఇద్దర్నీ నా చేతుల్లో పెట్టి వెళ్తుంది. తన పనిలో తను నిశ్చింతగా ఉంటుంది. నేను ఆ కుర్చీలో కూర్చుంటాను.

ఏది ఎక్కువ భయమో తెలుసా నాకు? ఆ రెండోదే.

అదుగో, కింద గేటు తీసింది. పనిముట్లు సర్దకు మేస్త్రీ. తలుపు కూడా బిగించకు, అలాగే గోడకి ఆనించి ఉంచు. నేను నోరు విప్పేదాకా నువ్వు ఇక్కడే నిలబడు. నువ్వు వెళ్లిపోయావంటే నేను చెప్పను.