దిగే ముందు తీసిన ఫొటో

మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక చనిపోయిన కార్మికుడి ఇంటికి, ఏడాది తర్వాత ఒక పత్రికా ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఆ ఒంటిగది ఇంట్లో కార్మికుడి భార్య ఒక్కతే ఉంది.

"శవం మీద పడి ఏడుస్తుంటే నన్ను ఫొటో తీసింది మీరే కదూ?"

"నేనేనమ్మా. దానికి బహుమతి కూడా వచ్చింది. మిమ్మల్ని అడక్కుండా తీశాను. తప్పు ఒప్పుకుందామని వచ్చాను."

"అంతమందిలో నా దగ్గరికొచ్చింది మీరొక్కరే. లేవదీస్తారేమో అనుకున్నాను."

"లేవదీస్తే ఫొటో పోతుందనుకున్నానమ్మా."

ఆమె ఖాళీ గోడ వైపు చూసింది.

"పోనీ, ఆయన బతికున్నప్పటిది ఏమైనా ఉందా? మా ఇంట్లో ఒక్కటీ లేదు."

"ఉంది, తెచ్చాను. ఆ పొద్దున పేపర్ పని మీద అక్కడే ఉన్నాను, ఆయన దిగే ముందు తీసింది."

"అయ్యో, ఎంత బాగా నవ్వుతున్నాడో! దీన్ని పేపర్లో వెయ్యలేదేం?"

"నవ్వుతున్నాడని వద్దన్నారు."

"ఈయనకి ఫొటో అంటేనే సిగ్గు. ఎలా ఒప్పుకున్నాడు?"

"ఆయనే పిలిచి అడిగాడమ్మా. 'బాగా తియ్యండి సార్, ఇంటికెళ్లి మా ఆవిడకి చూపించాలి' అన్నాడు."

ఆమె ఫొటోని కొంగుతో తుడిచింది.

"ఆ మాట నాకు చెప్పడానికి ఏడాది పట్టిందా అయ్యా?"